మరకలమ్మ కూతురి దుప్పటి

మా అత్తయ్య ముందు ఎవరి చొక్కా పరిచినా సరే, ఆ మనిషి నిన్న ఏం తిన్నాడో, ఎక్కడ కూర్చున్నాడో, వానలో ఏ సందులోంచి నడిచొచ్చాడో చెప్పేసేది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లు ఉంటారంటారు. ఈవిడకి ఆవలించడం కూడా అక్కర్లేదు, మాసిన బట్ట చాలు. మా వీధిలో ఆవిణ్ని మరకలమ్మ అనేవాళ్లు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆవిడకి అందులో తప్పేం తోచలేదు. ఒకసారి ఆసుపత్రివాళ్ల కాగితం మీద సంతకం పెట్టాల్సిన చోట ఆ పేరే రాసేసి, నాలుక కరుచుకుని కొట్టేసింది.

మాది లాండ్రీ. పెద్ద కాన్పుల ఆసుపత్రి వెనక సందులో ఉంటుంది. ముందు గదిలో నా బల్ల, దాని వెనక మూడు సిమెంటు తొట్లు, ఆ వెనక తిరిగే పెద్ద మిషను, మేడ మీద ఆరేయడానికి పన్నెండు వరసల తీగలు. పొద్దున్న ఆసుపత్రి దుప్పట్లు వస్తాయి, మధ్యాహ్నం లాడ్జి తువ్వాళ్లు, సాయంత్రం ఇళ్ల మూటలు. మా ఆయన వ్యాన్‌లో వెళ్లి తెస్తాడు. నేను మూట విప్పి, ప్రతి బట్ట మూలనా దారంతో నంబరు కుడతాను. నా చెయ్యి తగలకుండా ఒక్క జేబురుమాలు కూడా తొట్లోకి పోదు. తొమ్మిదేళ్ల కింద ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన నాలుగో రోజునే సూది చేతికిచ్చారు.

మావయ్య పోయేనాటికి మా ఆయనకి పదేళ్లు, మా ఆడపడుచుకి నాలుగు. అత్తయ్య ఆసుపత్రి ఆయాల దగ్గర చేరి వాళ్ల బట్టలు ఉతికింది, తర్వాత వార్డుల బట్టలు, తర్వాత ఆసుపత్రి మొత్తం. అక్షరాలు అంతంత మాత్రం. నీళ్లు, సబ్బు, సోడా, నిమ్మకాయ మాత్రం ఆవిడ చెప్పినట్టు వినేవి. నాకు నేర్పిన మొదటి పాఠం నెత్తురుకి చన్నీళ్లు. వేడినీళ్లు తగిలాయా, నెత్తురు ఆ బట్టలో కాపురం పెట్టేస్తుంది, చచ్చినా ఖాళీ చెయ్యదు అనేది. చన్నీళ్లలో నానబెట్టి, ఉప్పు రాసి, అప్పటికీ పోకపోతే ఆసుపత్రివాళ్లిచ్చే నురగమందు రెండు చుక్కలు వెయ్యాలి. నెత్తురైతే మందు బుసబుసా పొంగుతుంది. ఉతికేసిన బట్ట మీద కూడా, దారాల్లో ఏ కాస్త మిగిలినా పొంగుతుంది.

మరక విషయంలో ఆవిడ అబద్ధం ఆడేది కాదు. ఒకావిడ మొగుడి చొక్కా కాలరు మీద ఎర్రటి గీత చూసుకుని, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో తెచ్చింది. అత్తయ్య వాసన చూసి, గోరుతో గీకి, "టమాటా సాసు" అంది. ఆవిడ నమ్మలేదు. "లిప్‌స్టిక్ అయితే నూనె ఉంటుందమ్మా, నీళ్లు ఇంకవు. చూడు, ఇంకిపోయింది" అని కళ్లముందే తడిపి చూపించింది. ఆ ఇల్లాలు ఊపిరి పీల్చుకుని, డాక్టరు వద్దన్నా బయటి తిండి తింటున్నందుకు మొగుణ్ని తిట్టుకుంటూ వెళ్లింది. లాడ్జి మేనేజరు ఒకసారి, ఫలానా మరక ఫలానా గదివాళ్లదే అని చెప్పమంటే, "నాకు బట్ట తెలుసు, మనిషి తెలీదు" అని తిప్పి పంపింది. ఆ మాటే ఆవిడ జీవితమంతా గుర్తుపెట్టుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఎందుకంటే ఇంకో రకం గిరాకీ కూడా వచ్చేది. కొత్త కోడలు అడుగుపెట్టిన ఇంటినుంచి ఒక పెద్దావిడ, కవర్లో మడిచిన దుప్పటి పట్టుకుని, మూటలతో కలపకుండా విడిగా తెచ్చేది. "కాస్త చూడండి" అనేది. ఏం చూడాలో చెప్పేది కాదు, అత్తయ్య అడిగేది కాదు. తలుపు దగ్గరగా వేసి, దుప్పటిని దీపం కింద పరిచి, "ఉంది" అనో "లేదు" అనో అనేది. ఒక్క మాట. అంతకు మించి ఆవిడ మాట్లాడినట్టు నేను వినలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చినావిడ మొహం విప్పార్చుకునో, ముడుచుకునో వెళ్లిపోయేది. వెళ్లాక ఆ ఇంట్లో ఏమయ్యేదో మాకు పట్టేది కాదు. మాకు ఉతకాల్సిన బట్టలు బోలెడు.

అత్తయ్య నమ్మకం ఏమిటంటే, ఆడపిల్లకి కన్నెపొర అని ఒకటి ఉంటుంది, అది మందు సీసాకి వేసిన సీలు లాంటిది. మొదటి రాత్రి తెగుతుంది. తెగితే నెత్తురు రావాలి. రాలేదంటే ముందే ఎవరో తెంపినట్టు. ఇది ఆవిడకి వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకి వాళ్లమ్మ చెప్పింది. పెద్ద తెలిసినట్టు రాస్తున్నాను గానీ, పన్నెండో క్లాసు దాకా చదివిన నేనూ అదే నమ్మాను. మా పుస్తకంలో ఆ పాఠం ఉంది. మా టీచరు అక్కడికి రాగానే "ఇది ఇంట్లో చదువుకోండి" అని నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేసింది. ఇంట్లో ఎవరు చదివారు గనక.

నా సంగతి కూడా చెప్పేస్తాను. పెళ్లి గాభరాకి నాకు నెలసరి ఆరు రోజులు ముందే వచ్చింది. మా ఆయనకి చెబితే "సరే, పడుకో" అన్నాడు. ఇద్దరం చెరోవైపు తిరిగి, నిజంగానే పడుకున్నాం. తెల్లారి అత్తయ్య ఆ దుప్పటి తనే తీసుకుపోయి, తనే చూసుకుని, తన చేత్తో కాఫీ కలిపి నాకు తెచ్చిచ్చింది. అంతటి మరకలమ్మకి ఆ తేడా తెలియలేదు. మనం చూడాలనుకున్నదే కళ్లకి కనబడుతుంది మరి. నేను నోరు మెదపలేదు. ఉత్తపుణ్యానికి వచ్చిన మంచిపేరు ఎవరు పోగొట్టుకుంటారు? ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, నా సంగతికి కాదు, ఆ కాఫీ అంత ఇష్టంగా తాగినందుకు.

నేను వచ్చిన మూడో ఏట జరిగింది అసలు సంగతి. వీధి చివర పుస్తకాలు బైండింగు చేసే ఆయన భార్య కవర్లో దుప్పటి తెచ్చింది. వాళ్ల కొత్త కోడల్ని నేను రెండుసార్లు చూశాను. బస్సు డిపోలో టిక్కెట్లు కొట్టే మిషన్లు బాగుచేసే పిల్ల, పొడుగ్గా, గోళ్లల్లో నల్లటి గ్రీజుతో ఉండేది. దుప్పటి మీద ఏమీ లేదు. "పొద్దున్నే లేచి ఉతికేసిందేమో, ఆ మందు వేసి చూడండి" అంది బైండింగాయన భార్య. పాపం, ఆవిడకీ కోడలు ఉతికేసి ఉంటే బాగుండుననే ఉన్నట్టుంది. అత్తయ్య నాలుగుచోట్ల నురగమందు వేసింది. ఎక్కడా పొంగలేదు.

"ఈ బట్ట మీద నెత్తురు పడనే లేదు" అంది.

ఆ మాట నిజం. బట్ట గురించి నూటికి నూరుపాళ్లు నిజం. ఆ నిజంతో వారం తిరక్కుండా ఆ పిల్లని పుట్టింటికి పంపేశారు.

పుట్టింటివాళ్లు ఆ పిల్లని వెంటబెట్టుకుని ఈ కాన్పుల ఆసుపత్రికే వచ్చారట, పరీక్ష చేసి కాగితం రాసిమ్మని. పెద్ద డాక్టరమ్మ రాయనంది. అసలీ గొడవ ఎక్కడ మొదలైందని అడిగి తెలుసుకుని, మర్నాడు మధ్యాహ్నం తెల్లకోటుతోనే సందు దాటి మా లాండ్రీకి వచ్చింది. పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. ఆ సమయానికి మా ఆడపడుచు కూడా తొట్టి గట్టు మీద కూర్చుని అన్నం తింటోంది.

"మా దుప్పట్లు పదిహేనేళ్లుగా ఉతుకుతున్నారు. మీ పనంటే నాకు గౌరవం" అంది డాక్టరమ్మ. "అందుకే కబురు పంపకుండా నేనే వచ్చాను. ఒక్క సంగతి చెప్పండి. ఆ పొర మూతలాగా మూసుకుని ఉంటే, నెలనెలా వచ్చేది ఎక్కణ్నుంచి వస్తుంది?"

అత్తయ్య తడిచేతులు చీరకి తుడుచుకుంటూ నిలబడిపోయింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆవిడకి రాలేదు. నాకూ రాలేదు.

"ఎప్పుడో ఒకరు నిజంగానే మూసుకుపోయి పుడతారు. ఈడొచ్చాక కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ మా దగ్గరికి వస్తారు. ఆపరేషన్ చేసి తెరుస్తాం. దాన్ని జబ్బంటాం, మంచిపేరు అనం." డాక్టరమ్మ నా బల్ల మీది మూటలోంచి ఒక సాక్సు తీసి, దాని మూతి రెండు వేళ్లతో సాగదీసింది. "కాలు పెడితే ఇది చిరుగుతుందా?"

"ఎందుకు చిరుగుతుంది, సాగుతుంది" అంది అత్తయ్య.

"అన్ని సాక్సుల అంచులూ ఒకేలా ఉంటాయా?"

"ఉండవు. కొన్ని బిగువు, కొన్ని వదులు. కొన్నిటికి అంచున్నట్టే తెలీదు."

"ఇదీ అంతేనమ్మా. చుట్టూ ఉండే మెత్తటి అంచు, సీలు కాదు. ఒక్కొక్కరికి పుట్టుకతోనే ఒక్కోలా ఉంటుంది, వయసుతో మారుతుంది కూడా. కొందరికి నెత్తురొస్తుంది, చాలామందికి రాదు. వచ్చిందంటే మగాడి తొందరో, పిల్ల భయమో, తడి లేకపోవడమో, అంతే. లోపల చూసి ఈ అమ్మాయి ఇలాంటిది అలాంటిది అని చెప్పడం నాకే చేతకాదు. ఏ డాక్టరుకీ చేతకాదు. చెప్పగలనని కాగితం రాసిచ్చేవాడు అబద్ధం రాసినట్టే. మీరు దుప్పటి చూసి ఎలా చెబుతున్నారు?"

"నేను పిల్ల గురించి ఎప్పుడూ చెప్పలేదు. బట్ట గురించి అడిగితే బట్ట గురించి చెప్పాను."

"వాళ్లు అడిగింది బట్ట గురించి కాదని మీకు తెలీదా?"

అత్తయ్య కాస్త మొండిగా, "చాలావాటికి ఉండేది. నేను చూసినవాటిలో ఉన్నవే ఎక్కువ" అంది.

"ఎందుకు ఉందో మీకు తెలుసా మరి?" అంది డాక్టరమ్మ. ఇక్కడ నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచేసుకున్నాను. డాక్టరమ్మ సాక్సు జాగ్రత్తగా దాని జత పక్కన పెట్టి వెళ్లిపోయింది.

"విన్నావుగా అమ్మా" అంది మా ఆడపడుచు గట్టు మీదనుంచి.

"చెవులున్నాయి, విన్నాను. నువ్వు తిను."

ఆ సాయంత్రమే అత్తయ్య బైండింగు ఇంటికి వెళ్లింది. నన్ను తోడు తీసుకెళ్లింది. "నేను చెప్పింది దుప్పటి సంగతి. దాన్నిబట్టి పిల్లని అనుమానించకూడదట. తెచ్చుకోండి" అని గుమ్మంలోనే చెప్పింది. ఆవిడ లోపలికి రమ్మనలేదు. "ఆ 'కూడదట' ఏదో ఆరోజే అనాల్సింది మరకలమ్మా. మా వాడు ఇప్పుడు వద్దంటున్నాడు" అంది. ఆ పిల్ల అప్పటికే వేరే ఊరి డిపోకి బదిలీ కోసం అర్జీ పెట్టేసిందట. అత్తయ్య ఇంటికొచ్చి, నానబెట్టిన ఆసుపత్రి దుప్పట్లని మళ్లీ తీసి మళ్లీ నానబెట్టింది.

తర్వాతనుంచి కవరు పట్టుకుని వచ్చినవాళ్లని "కళ్లు ఆనడం లేదమ్మా, ఆ పని మానేశాను" అని పంపేసేది. అందరం మెచ్చుకున్నాం. నేనూ మెచ్చుకున్నాను. కానీ మానడం వేరు, నమ్మడం వేరు. డాక్టరమ్మ చెప్పింది ఆవిడ చెవిలోకి వెళ్లింది, అక్కణ్నుంచి కిందికి దిగిందో లేదో నాకు తెలీదు. ఆవిడకే తెలీదేమో.

మా ఆడపడుచుని మేమంతా చేప అని పిలుస్తాం. చిన్నప్పుడు సైకిలు కొనమంటే అత్తయ్య కొననివ్వలేదు. "ఆడపిల్లవి, సీటు మీద ఎగిరెగిరి పడితే రేపు నీకే కష్టం" అనేది, ఏం కష్టమో చెప్పేది కాదు. సైకిలు వద్దంటే ఇది పోయి నీళ్లలో దూకింది. పదహారేళ్లకి ఈతలో కప్పులు తెచ్చింది, ఇరవై దాటాక మునిసిపల్ కొలనులో ఈత నేర్పే ఉద్యోగం తెచ్చుకుంది. ఎప్పుడు చూసినా తడిజుట్టు, క్లోరిన్ వాసన. అత్తయ్యకి కూతురంటే ప్రాణం. కూతురి ఈత బట్టలు మాత్రం వేరే ఎవర్నీ ఉతకనిచ్చేది కాదు, మెత్తటి సబ్బుతో తనే పిండేది. నేను కుళ్లుకున్న రోజులు కూడా ఉన్నాయి, దాచడం ఎందుకు.

పాతికేళ్లకి చేప తనే ఒక పిల్లాణ్ని చూసుకుంది. కళ్లజోళ్ల కొట్టు అతను. నెమ్మదస్తుడు, మాట్లాడితే ఎదుటివాళ్ల కళ్లజోడు వంకర సరిచేస్తూ మాట్లాడతాడు. వాళ్లమ్మ తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే మనిషి, పొద్దున ఆరింటికే డ్యూటీకి వెళ్లిపోతుంది. అత్తయ్య వాళ్లలో ఏ వంకా పట్టలేకపోయింది, పట్టాలని మాత్రం బాగా చూసింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టారు, మధ్యాహ్నం అందరం కలిసి భోంచేశాం, సాయంత్రానికి చేప రెండు వీధుల అవతల వాళ్లింటికి వెళ్లిపోయింది.

మూడో రోజున వాళ్లింటి మొదటి మూట వచ్చింది. మా ఆయన నా బల్ల మీద పెట్టబోతుంటే అత్తయ్య తొట్టి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"చేప మూట నేను విప్పుతాను."

అప్పటికి ఐదేళ్లుగా ఆవిడ నా బల్ల మీద చెయ్యి పెట్టలేదు. నాకు విషయం అర్థమై ఒళ్లు మండింది. "మానేశారు కదా అత్తయ్యా" అన్నాను. "నా కూతురి బట్టలు నేను విప్పుకోకూడదా" అంది. మా ఆయన వ్యాన్ తాళాలు వెతుక్కునే నెపంతో బయటికి జారుకున్నాడు.

మూడో బట్ట దుప్పటి. దాని మీద ఎండి నల్లబడిన చిన్న నెత్తురు మరక ఉంది. అత్తయ్య మొహం ఒక్క క్షణం వెలిగింది. అబద్ధం ఎందుకు, నా మనసు కూడా కుదుటపడింది, డాక్టరమ్మ చెప్పిందంతా విన్నాక కూడా. తర్వాత ఆవిడ చేతులు వాటంతటవే దుప్పటిని దీపం కిందికి లాగాయి. అలవాటు అలాంటిది. వంగి చూసింది, ఇంకా వంగి చూసింది, తిరగేసి అడుగు చూసింది.

"చుక్కలు" అంది.

నేనూ చూశాను. మూడు చుక్కలు, గుండ్రంగా, చుట్టూ సన్నటి తుంపర్లతో. నాలుగోది వేలితో పామినట్టుంది. ఒంటి కింద ఇంకిన నెత్తురైతే చారలుగా పాకుతుంది, అంచులు మసగ్గా ఉంటాయి. ఇది ఎత్తు నుంచి పడ్డ నెత్తురు. పైగా దుప్పటి తలవైపు, అంచున ఉంది. ఆసుపత్రి నుంచి, సూది గుచ్చిన చేతుల కింద పరిచిన గుడ్డలు రోజుకి పాతిక వస్తాయి మాకు, అచ్చం ఇలాగే ఉంటాయి.

"వేలు కోసుకుంది" అంది అత్తయ్య. నా స్టూలు మీద కూర్చుండిపోయింది. "వేలు కోసుకుని పిండింది. అంటే దానికి రాలేదు. రాలేదంటే..." ఆగిపోయింది. ఆ తర్వాతి మాట అనలేక, మింగలేక, ఆ దుప్పటివైపే చూస్తూ ఉంది. ఆవిణ్ని అంత బేలగా నేనెప్పుడూ చూడలేదు. నాకు జాలేసింది, కోపం కూడా తగ్గలేదు.

"అత్తయ్యా, నా దుప్పటి మీద మీరు చూసింది నెలసరి" అన్నాను.

తలెత్తింది.

"ఆ రాత్రి మీ అబ్బాయి నా చెయ్యి కూడా పట్టుకోలేదు. మీరు కాఫీ ఇచ్చారు, నేను తాగాను. ఇన్నేళ్లూ చెప్పలేదు. మీరు చూసి 'ఉంది' అన్నవాటిలో ఇంకా ఎన్ని ఇలాంటివో."

ఆవిడ దుప్పటి మీది చుక్కల్ని వేలితో తడిమింది. "డాక్టరమ్మ అడిగింది, ఎందుకు ఉందో తెలుసా అని" అంది. ఆ మాట ఇన్నాళ్లకి దిగింది. దిగిందనుకుని నేను సంతోషించేలోపే లేచి నిలబడి, దుప్పటి మడిచి కవర్లో పెట్టింది, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"ఆ ఉత్తరాలావిడ దగ్గరికి. నా పిల్ల వేలు కోసుకునేదాకా తెచ్చారంటే ఆ ఇంట్లో దాన్ని ఎవరో అడిగుంటారు. భయపెట్టుంటారు. కళ్లజోళ్లవాడో, వాళ్లమ్మో. అడిగి తేల్చుకోకపోతే నేను తల్లినే కాదు."

గబగబా చేపకి ఫోను చేశాను. అదృష్టం, కొలనులో మధ్యాహ్నం బ్యాచి అయిపోయి దారిలోనే ఉంది. ఐదు నిమిషాలు ఏవో లెక్కలు చెప్పి, ఆసుపత్రి మూట తూకం తప్పిందని అబద్ధం ఆడి, అత్తయ్యని గుమ్మంలో ఆపాను. చేప భుజాన సంచీతో, వీపు మీద జుట్టు నీళ్లు కారుతూ వచ్చింది. ఎడమచేతి చూపుడు వేలికి ప్లాస్టరు ఉంది. అమ్మ చేతిలో కవరు చూసింది. ఇక మేమేం చెప్పక్కర్లేకపోయింది.

"కనిపెట్టేశావా" అంది.

"మీ అత్త అడిగిందా?"

"మా అత్తగారా? ఆవిడ మూడు రోజులుగా మా గది గుమ్మం కూడా తొక్కలేదు. ఏ దుప్పటి వేసుకున్నామో కూడా ఆవిడకి తెలీదు."

"అయితే అతను అడిగాడు."

"అతనేం అడుగుతాడమ్మా. నేను బ్లేడు తీస్తుంటే పిచ్చి పట్టిందా అన్నాడు. తర్వాత ఇల్లంతా తిరిగి ప్లాస్టరు వెతికి తెచ్చాడు."

"మరెవరి కోసమే కోసుకున్నావు?"

చేప సంచీ కిందపెట్టింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, ఆ ఒక్క మాట చాలా మెల్లగా అంది.

"నీ కోసం."

తొట్లో కుళాయి ఎవరూ కట్టలేదు, నీళ్లు పొర్లిపోతున్నాయి. నేను కదల్లేదు.

"మూట నువ్వే విప్పుతావని తెలుసు నాకు. పెళ్లికి నెల ముందునుంచీ తెలుసు. నాకు నెత్తురు రాలేదమ్మా. రాలేదు, అంతే, అంతకుమించి అందులో కథేం లేదు. డాక్టరమ్మ చెప్పిననాడు నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను. కానీ ఖాళీ దుప్పటి పంపి, వెనకే వచ్చి, రాలేదమ్మా అని నేను చెప్పుంటే, నమ్మేదానివా?"

అత్తయ్య చేతిలో కవరు చిన్నగా చప్పుడైంది. "నువ్వు నా కూతురివే" అంది.

"అది కాదు నేనడిగింది. నా మాట నమ్మేదానివా, బట్టని నమ్మేదానివా?"

నేను అత్తయ్యవైపు చూసి, 'నమ్మేదాన్ని' అనండి, ఒక్క మాట, దేవుడి పేరు చెప్పుకుని అబద్ధం ఆడండి అని లోలోపల బతిమాలాను. పిల్ల ఎదురుచూస్తోంది. ఆ మాట కోసమే వచ్చింది.

అత్తయ్య కూతురి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది, దీపం కింద బట్టని చూసినట్టు కాదు, భయపడుతూ చూసింది.

"లేదే" అంది. "నమ్మేదాన్ని కాదు."

చేప తల ఊపింది, అనుకున్నదే అన్నట్టు. కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తయ్య కూడా ఏడ్చింది, నిలబడే, శబ్దం లేకుండా. నేను వెళ్లి కుళాయి కట్టాను. ఆవిడ అబద్ధం చెప్పుంటే చేప ఆరోజు గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయేదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. నిజం చెప్పింది కాబట్టి తొట్టి గట్టు మీద కూర్చుంది. ఇద్దరూ అలా పక్కపక్కన కూర్చున్నారు. కాసేపటికి అత్తయ్య ఆ చెయ్యి అందుకుని ప్లాస్టరు విప్పింది. "ఇంత లోతుగానా, పిచ్చిదానా" అంది. కడిగి, మందు రాసి, కొత్తది వేసింది.

వెళ్లేటప్పుడు చేప తన మూట మళ్లీ కట్టేసుకుంది. అత్తయ్య చేతిలోని కవరు కూడా తీసుకుని దాంట్లో పెట్టుకుంది.

"ఇకనుంచి మా బట్టలు మేమే ఉతుక్కుంటామమ్మా" అంది. కోపంగా అనలేదు.

"అలాగేనమ్మా" అంది అత్తయ్య.

ఇప్పటికి నాలుగేళ్లు. చేపా కళ్లజోళ్ల అల్లుడూ ప్రతి ఆదివారం వస్తారు, పాపని ఎత్తుకొస్తారు. తింటారు, నవ్వుకుంటారు, చేప వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని మధ్యాహ్నం ఓ కునుకు కూడా తీస్తుంది. పాప ఒంటిమీద పాలు ఒలికినా, బురద అంటినా, గౌను మార్చి మాసినది సంచీలో వేసుకుని పట్టుకుపోతుంది. వీధివీధంతా బట్టలు తెచ్చి పడేసే ఈ బల్ల మీదికి మా ఆడపడుచు ఇంటినుంచి ఒక్క జేబురుమాలు రాలేదు. అత్తయ్య అడగలేదు.